రాఘవయ్య గారి సేవ – మా తాత లెక్క

 

ఈ నెల గోడ పత్రికకు "పదిమంది కోసం బతికిన ఒక మనిషి" గురించి రాయమని తెలుగు టీచర్ గారు చెప్పినారు. నేను ఇద్దరి గురించి రాస్తున్నాను. ఒకరు వెన్నెలకంటి రాఘవయ్య గారు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. రెండో ఆయన మా తాత. ఆయన పేరు రేషన్ కార్డులో మాత్రమే ఉంది. తప్పులుంటే మన్నించవలెను.

1. పుట్టగానే దొంగ అన్న చట్టము

మన హాస్టల్లో యానాదుల పిల్లలము ఎక్కువ. మన పెద్దలు కాలువల్లో చేపలు, పీతలు పట్టినారు. పొలం గట్ల మీద ఎలుకలు పట్టినారు. అడవిలో తేనె, మందు వేర్లు తెచ్చినారు. వడ్లు తినే ఎలుకను పడితే రైతుకు మేలే గదా! అయినా మనల్ని చూస్తే అనుమానమే.

బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టము అని ఒకటి చేసినారు. 1911లో దాన్ని మార్చి రాసి మద్రాసు రాజధానిలో కూడా అమలు పెట్టినారు. మన నెల్లూరు అప్పుడు మద్రాసులోనే ఉండేది. ఏ జాతి పేరు ఆ జాబితాలో ఎక్కితే ఆ జాతి వాళ్ల వేలిముద్రలు పోలీసులు తీసుకోవచ్చు. వాళ్లు చెప్పిన వేళకు పోయి హాజరు చెప్పుకోవాలి. వేరే ఊరికి పోవాలంటే ముందే తెలపాలి. ఎరుకల వాళ్లను, మన యానాదుల్లో కొందరిని ఆ జాబితాలో చేర్చినారు.

ఇక్కడ ఒక విషయము గమనించవలెను. మన రూములో ఒకరి సబ్బు పోయిందనుకుందాము. తీసిన వాళ్లను అడగడం న్యాయము. అట్టా కాకుండా, ఆ వరసలో పడుకునే వాళ్లందరినీ రోజూ రాత్రి లేపి నిలబెట్టి లెక్క చూస్తే ఎట్టా ఉంటుంది? వాళ్ల చెల్లెళ్లు హాస్టల్లో చేరితే వాళ్లను కూడా నిలబెడితే? ఆ చట్టము అట్టాంటిదే. చేసిన తప్పును చూడలేదు, పుట్టిన జాతిని చూసింది.

2. వెన్నెలకంటి రాఘవయ్య గారు

రాఘవయ్య గారు 1897లో మన నెల్లూరు జిల్లాలో పుట్టినారు. ఆయన యానాది కాదు. న్యాయశాస్త్రము చదివినారు. స్వాతంత్ర్య పోరాటములో పాల్గొన్నారు. మద్రాసు శాసనసభలో సభ్యులుగా ఉన్నారు. ప్లీడరుగా సుఖంగా బతకవచ్చు. కానీ ఆయన యానాదుల గుడిసెల దారి పట్టినారు. మన వాళ్లను సంఘంగా కూడగట్టినారు. పిల్లలకు చదువు కావాలన్నారు. నేరస్థ జాతుల చట్టము పోవాలని పని చేసినారు.

ఆ చట్టము మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఒక్కరి వల్ల రద్దు కాలేదు, చాలామంది కష్టపడినారు. వారిలో మన జిల్లా ఆయన కూడా ఒకరు.

గాంధీ గారితో పని చేసిన ఠక్కర్ బాపా గారు 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘము పెట్టినారు. రాఘవయ్య గారు ఆ దారిలోనే నెల్లూరులో ఆంధ్రరాష్ట్ర ఆదిమజాతి సేవక సంఘము నడిపినారు. ఇంగ్లీషులో పుస్తకాలు రాసినారు. 1962లో 'ది యానాదీస్' వచ్చింది. 1968లో సంచార జాతుల గురించి 'నోమాడ్స్', 1971లో గిరిజన తిరుగుబాట్ల గురించి 'ట్రైబల్ రివోల్ట్స్' వచ్చినాయి. 1973లో ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1981లో మరణించినారు.

ఆయన పోయిన తరువాత కూడా పని మిగిలే ఉంది. 2001 జనాభా లెక్కలలో యానాదులలో చదువు వచ్చినవారు నూటికి 35 మంది మాత్రమే. ఆ మిగతా 65 మందిలో మా అమ్మ ఒకటి.

3. మా తాత

మా తాత నాయకుడు కాదు. వార్డు మెంబరు కూడా కాదు. కాలువలో వల వేస్తాడు, పీతలు పడతాడు. సంతకం మటుకు వచ్చు, చదవడం రాదు. కాలనీలో ఎవరికైనా కాన్పు నొప్పులు వస్తే ఆటో కోసం రోడ్డు దాకా పరిగెత్తేది ఆయనే. రేషన్ కార్డు రాని వాళ్లను మండలం ఆఫీసుకు తోడుకొని పోయేది ఆయనే. పీతలు దండిగా పడిన రోజు, మొగుడు లేని మా పక్కింటి పెద్దమ్మకు ముందు ఇచ్చి తరువాత మా ఇంటికి తెస్తాడు.

మా ఇంటి తలుపు వెనకాల బొగ్గుతో గీతలు ఉంటాయి. కాలనీలో బడికి పోయే బిడ్డకు ఒక గీత. ఎవరైనా బడి మానేస్తే ఆ గీత మీద అడ్డంగా కొడతాడు. మళ్లీ చేరితే పక్కన కొత్త గీత గీస్తాడు. ఇప్పుడు పదిహేడు గీతలు ఉన్నాయి. నాలుగింటికి అడ్డం కొట్టి ఉంది. వాళ్ల ఇండ్ల దగ్గరికి పోయి కూర్చుంటాడు. తిట్టడు. "రేపు నేనే తోడుకొని పోతాలే, బిడ్డను తయారు చెయ్యండి" అంటాడు.

ఒక రోజు అవ్వకు కోపం వచ్చింది. "సొంత కూతురి చదువు మింగినోడివి, ఊరి బిడ్డల లెక్క నీకెందుకు?" అనింది. తాత తల వంచుకున్నాడు. రొంచేపటికి, "మింగినాను గనకనే లెక్క బెడతా ఉండా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మా అమ్మను అడిగితే చెప్పింది. 1995లో అమ్మ రెండో తరగతి. అవ్వకు జబ్బు చేస్తే తాత ఒక ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ అప్పు తీరేదాకా తాత తోటలో కాపలా, అమ్మ బర్రెలు మేపాలి. అప్పు ఎంత తీరిందో ఆసామి పుస్తకంలోనే ఉండేది. ఆ పుస్తకము తాత చదవలేడు. అట్టా నాలుగేండ్లు గడిచినాయి. అమ్మ మళ్లీ బడికి పోలేదు. ఆసామి పేరు రాయను, తాత వద్దన్నాడు.

4. తాతకు తెలియని చట్టము

అప్పు కింద మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడమును వెట్టిచాకిరి అంటారు. దానిని రద్దు చేస్తూ 1976లో చట్టము వచ్చింది. అది 1975 అక్టోబరు 25 నుండి అమలు అని అందులోనే ఉంది. అంటే మా అమ్మ బడి మానేటప్పటికి చట్టము వచ్చి పందొమ్మిది ఏండ్లు అయింది!

ఆ చట్టము ప్రకారము వెట్టి అప్పు చెల్లనవసరము లేదు, అది రద్దు అయినట్టే. మామూలు అప్పు అప్పే, దానికి ఇది వర్తించదు. వెట్టి చేయించిన వాళ్లకు మూడేండ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా ఉంది. కలెక్టరు గారికి గానీ ఆర్డీవో గారికి గానీ చెప్పుకోవచ్చును.

అడ్వాన్సు ఎందుకు తీరదో మనకు వచ్చిన బారువడ్డీ లెక్కతో చూద్దాము. అసలు 20,000 రూపాయలు. వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు. సంవత్సరమునకు వడ్డీ 20,000 × 3 × 12 ÷ 100 = 7,200. కూలిలో నెలకు 500 పట్టుకుంటే సంవత్సరమునకు 6,000. అంటే ఏడాది అంతా పని చేసినా 21,200 బాకీ! అప్పు తగ్గలేదు, పెరిగింది. ఈ లెక్క వచ్చిన బిడ్డ ఇంట్లో ఒకరు ఉంటే నాయన వేలిముద్ర వేయక ముందే ఆపవచ్చును.

5. మన రూములో ఒక పెట్టె

ఇప్పుడు అసలు విషయము రాస్తాను. సంక్రాంతి సెలవులకు పోయిన మన రూము అమ్మాయి ఒకరు ఇంకా రాలేదు. ఆమె పెట్టె గోడ పక్కన అట్లే ఉంది. పేరు రాయను, రాస్తే వాళ్ల నాయనకు నామోషీ. రొయ్యల గుంటల దగ్గర అడ్వాన్సు తీసుకున్నారంట, ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారంట. ఆమె లెక్కల్లో నాకంటే ముందు. పైన రాసిన బారువడ్డీ నాకు ఆమే నేర్పింది.

పోయిన ఆదివారము తాత నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పినాను. "వాళ్ల నాయనను తప్పు పట్టబాకండి. ఆ రోజు నన్ను తప్పు పట్టినోళ్లే అందరూ, చట్టం ఉందని చెప్పినోడు ఒక్కడూ లేడు" అన్నాడు. తను పోయి వాళ్ల నాయనతో మాట్లాడతానన్నాడు. కానీ తాత మాట ఆ గుంటల వాళ్లు వింటారో వినరో. హాస్టల్ నుండి ఒక కాగితము ఉంటే బలము.

కాబట్టి వార్డెన్ మేడం గారికి నా మనవి. "ఈ అమ్మాయి మా విద్యార్థిని, వెంటనే పంపించవలెను" అని మన హాస్టల్ స్టాంపుతో ఒక ఉత్తరము ఇప్పించవలెనని ప్రార్థిస్తున్నాను. దానిని తాత తీసుకొని పోతాడు. ఆమెకు పోయిన పాఠాల నోట్సు మేము నలుగురము రాసి పెట్టినాము.

6. అభ్యాసము

1. నేరస్థ జాతుల చట్టము దేశమంతటా ఎప్పుడు రద్దయింది?
2. వెన్నెలకంటి రాఘవయ్య గారి పుస్తకములు మూడు రాయండి.
3. వెట్టిచాకిరి గురించి ఎవరికి చెప్పుకోవచ్చును?
4. మీ కాలనీలో బడికి పోయే బిడ్డలు ఎందరు? మానేసిన వారు ఎందరు? ఈసారి ఇంటికి పోయినప్పుడు గీతలు గీసి లెక్క తీసుకొని రండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని