మంచు కింద మడి: చలి దేశంలో నేలను కాపాడుకోవడం ఎలా?



అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో, కెనడాలోనో ఇంటి వెనక నాలుగు మడులు వేసుకుని ప్రకృతి పద్ధతిలో కూరగాయలు పండించుకుంటున్న మనవాళ్ల కోసం ఈ పాఠం. నేను మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ఉంటాను. చలికాలానికి ముందు నా మడులు ఎలా సర్దుతానో పైన వీడియోలో మొత్తం చూపించాను. వీడియోలో చేతి పని కనబడుతుంది గానీ, ఆ పని ఎందుకు చేస్తున్నామో వివరంగా చెప్పడానికి టైం చాలదు. అందుకే ఆ "ఎందుకు" ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మాట అడిగారు. "ఏటా నేల గడ్డకట్టిపోయే చోట జీవామృతం పోసి ఏం లాభంరా? సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి కదా, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టడమేగా?" అన్నారు. ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదండి. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగేది అదే. మే నెలలో బస్తాల మట్టి కొంటారు, అక్టోబరులో మొక్కలు పీకేసి నేలను బోసిగా వదిలేస్తారు, మళ్లీ మే వస్తే మళ్లీ బస్తాలు. అలా చేస్తే నేల ఎన్నేళ్లకీ తయారవదు.

నాన్నగారికి నేను చెప్పిన జవాబే ఈ పాఠం: చలికి నేలలోని జీవులన్నీ చచ్చిపోవు, చాలా వరకు నిద్రపోతాయి. నేలకు చలి కంటే ఎక్కువ నష్టం చేసేది మనం దాన్ని బోసిగా వదిలేయడం.

చలి అసలు దెబ్బ ఎక్కడ కొడుతుంది?

డెట్రాయిట్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. కొన్నేళ్లు అంతకంటే చాలా కిందికి పోతుంది. 2019 జనవరి చివర్లో పోలార్ వోర్టెక్స్ వచ్చినప్పుడు సుమారు మైనస్ 25 దాకా పడిపోయింది. ఇక్కడ ఇంటి పునాది 42 అంగుళాల లోతుకు వెళ్లాలని నిబంధన ఉంది. నేల అంత లోతు దాకా గడ్డకట్టే అవకాశం ఉందని లెక్క వేసుకుని పెట్టిన కొలత అది.

అయితే మొక్కల్నీ నేలనీ దెబ్బతీసేది థర్మామీటరులో కనబడే అంకె ఒక్కటే కాదు. మూడు విషయాలు గమనించండి.

మొదటిది గాలి. చలిగాలి పొడిగాలి. నేల గడ్డకట్టి ఉన్నప్పుడు వేరు నీళ్లు తాగలేదు, పైన గాలి మాత్రం ఆకులోని తడిని లాగేస్తూనే ఉంటుంది. చలికి పోయాయి అనుకునే మొక్కల్లో చాలా వాటికి నిజంగా జరిగింది ఎండిపోవడం.

రెండోది కరగడం, మళ్లీ గడ్డకట్టడం. బోసి నేల నల్లగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండకి పైపొర కరుగుతుంది, రాత్రికి మళ్లీ బిగుస్తుంది. నీరు గడ్డకడితే ఉబ్బుతుందని తెలిసిందే కదా. అలా ఉబ్బుతూ, తగ్గుతూ నేల చిన్న మొక్కల్ని, వెల్లుల్లి రెబ్బల్ని పైకి నెట్టేస్తుంది. వేళ్లు బయటపడి చస్తాయి.

మూడోది వెలుతురు. డిసెంబరు 21 ప్రాంతంలో మాకు పగలు తొమ్మిది గంటలే. దీని సంగతి కిందన చెబుతాను.

మంచు శత్రువు కాదు

ఆకాశం నుంచి కొత్తగా రాలిన మంచులో దాదాపు తొంభై శాతం గాలే ఉంటుంది. దూది దుప్పటి ఎందుకు వెచ్చగా ఉంటుంది? దూది మధ్య గాలి చిక్కుకుని కదలదు కాబట్టి. మంచూ అంతే. ఒక అడుగు మంచు కప్పుకుని ఉంటే, పైన మైనస్ 20 ఉన్నా కింద నేల సున్నాకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పైగా గాలి తగలదు, రోజూ కరిగి గడ్డకట్టే గొడవ ఉండదు.

ఇబ్బంది ఏంటంటే, మా వైపు మంచు నిలకడగా ఉండదు. ఒక వారం పడుతుంది, తర్వాతి వారం కరిగిపోతుంది, ఆ వెంటనే గట్టి చలి వస్తుంది. మంచు లేని ఆ చలే ప్రమాదం. అందుకే మంచు దుప్పటి కింద మన దుప్పటి ఒకటి ముందే ఉండాలి. పాలేకర్ గారి పద్ధతిలో ఆచ్ఛాదన అంటామే, అదే ఇక్కడ ప్రాణం.

ఏం కప్పాలి, ఎప్పుడు కప్పాలి

అక్టోబరు వచ్చిందంటే మేపుల్, ఓక్ ఆకులు వీధంతా రాలతాయి. ఇరుగుపొరుగు వాటిని కాగితం సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడతారు. అడిగి తెచ్చుకోండి, సంతోషంగా ఇస్తారు. మేపుల్ ఆకును అలాగే పరిస్తే తడిసి అట్టలా అతుక్కుపోయి గాలి ఆడదు. గడ్డి కోసే మిషన్ దాని మీద రెండుసార్లు నడిపితే ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని మడి మీద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మందం వేయండి. చలికాలం పోయేసరికి అది అణిగి సగం కూడా ఉండదు.

బ్లాక్ వాల్‌నట్ చెట్టు ఆకు మాత్రం వద్దు. అందులో ఉండే జుగ్లోన్ అనే పదార్థం టమాట, వంగ జాతి మొక్కలకి పడదు. ఎండుగడ్డి కొంటే, ఆ పొలంలో కలుపు మందు కొట్టారా అని తప్పకుండా అడగండి. కొన్ని రకాల మందులు గడ్డిలో, ఆ గడ్డి తిన్న పశువుల పేడలో కూడా నెలల తరబడి నిలిచి ఉంటాయి. అది మన మడిలోకి వస్తే చిక్కుళ్లు, టమాటాలు ముడుచుకుపోతాయి.

ఖాళీ మడికి ఆకు ఎంత తొందరగా కప్పితే అంత మంచిది. స్ట్రాబెర్రీ లాంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కలకి మాత్రం ఆగాలి. పైనేల కొద్దిగా గట్టిపడ్డాక, అంటే మాకు నవంబరు చివర్లో, కప్పాలి. ఇక్కడ మనం కప్పేది నేలని వెచ్చగా ఉంచడానికి కాదు, ఒకే తీరుగా ఉంచడానికి. ముందే కప్పితే మొక్క ఇంకా చలి రాలేదనుకుని లేత చిగురు వేస్తుంది, ఆ చిగురే మొదట పోతుంది.

పండ్ల మొక్కల మొదలు చుట్టూ నాలుగైదు అంగుళాలు ఖాళీ వదలండి. మంచు కింద సొరంగాలు చేసుకుని తిరిగే వోల్ అనే పొట్టితోక ఎలుకలు ఆకు చాటున చేరి బెరడు చుట్టూ కొరికేస్తాయి. కాండం చుట్టూ ఇనుప జల్లెడ కడితే ఆ భయం ఉండదు.

నేను ఒక మడిని ఆకు కప్పి, పక్క మడిని పరీక్ష కోసం బోసిగా వదిలాను. జనవరిలో రెండింటిలోనూ పార దింపితే బోసి మడి సిమెంటులా ఉంది, పార దిగలేదు. ఆకు కప్పిన మడిలో పైన ఒక పెచ్చు గట్టిపడింది గానీ, దాని కింద మట్టి చేతికి వచ్చింది. వీడియోలో రెండూ పక్కపక్కన చూపించాను.

జీవామృతం ఎప్పుడు ఆపాలి?

నేల చల్లబడే కొద్దీ సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది. నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగాక జీవామృతం పోసినా పెద్దగా ప్రయోజనం ఉండదు. మాకు ఆఖరి విడత అక్టోబరు మొదట్లో. ఆ తర్వాత ఘనజీవామృతం మంచిది. దాన్ని వేసవిలోనే చేసి, నీడలో ఆరబెట్టి, గోనె సంచిలో దాచుకోండి. మడి మీద పలచగా చల్లి, దాని మీద ఆకు కప్పండి. ఏప్రిల్‌లో నేల వెచ్చబడగానే మేలుకునే జీవులకి తిండి పక్కనే ఉంటుంది.

వానపాముల గురించి ఒక మాట. మన దగ్గర దేశీ వానపాము గురించి గొప్పగా చెప్పుకుంటాం. మిషిగన్ సంగతి వేరు. హిమయుగంలో ఈ నేలంతా మంచు పలకల కింద ఉండటం వల్ల ఇక్కడ స్థానిక వానపాములు మిగల్లేదు. ఇప్పుడు తోటల్లో కనబడేవి చాలా వరకు యూరప్ నుంచి మనుషులతో వచ్చినవి. అవి అడవుల్లోకి చేరి నేల మీది ఆకుపొరను తినేసి ఇక్కడి మొక్కలకి నష్టం చేస్తున్నాయి. కాబట్టి వానపాముల్ని కొని వదలకండి. ఉన్నవాటికి ఆకు వేయండి, చాలు.

చలినే కొడవలిగా వాడుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులకి ఏడాదిలో 365 రోజులూ నేల మీద పంట ఉండాలని చెబుతున్నారు. మంచు దేశంలో అది కుదరదనుకుంటాం గానీ, రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, ఆగస్టు చివర్లో ఖాళీ అయిన మడిలో ఓట్స్, బఠాణీ కలిపి చల్లడం. రెండు నెలల్లో మోకాలెత్తు పెరుగుతాయి. డిసెంబరు చలికి వాటంతట అవే చచ్చి నేల మీద పడుకుంటాయి. కొయ్యక్కర్లేదు, దున్నక్కర్లేదు. వసంతంలో ఆ ఎండుపొరను పక్కకి జరిపి నాటుకోవచ్చు.

రెండోది రై. సెప్టెంబరులో, కాస్త ఆలస్యమైతే అక్టోబరు మొదట్లో చల్లినా మొలిచి, మంచు కింద బతికి, మార్చిలో మళ్లీ లేస్తుంది. దాని వేర్లు నేలని కరిచి పట్టుకుంటాయి. కానీ వసంతంలో దాన్ని కోసి పడేయడం మన పని, అది దానంతట అది చావదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఓట్స్‌తో మొదలుపెట్టండి.

చలికాలంలో తినడానికి ఏమైనా ఉంటుందా?

ఉంటుంది, కానీ లెక్క తెలియాలి. మెయిన్ రాష్ట్రంలోని హార్బర్‌సైడ్‌లో ఎలియట్ కోల్మన్ అనే రైతు చలికాలమంతా ఆకుకూరలు కోసి చూపించారు. 2009లో దీని మీద ఒక పుస్తకం కూడా రాశారు. ఆయన చెప్పే ముఖ్యమైన విషయం: పగలు పది గంటల కంటే తగ్గితే మొక్క ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మాకు ఆ రోజులు నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. అంటే చలికాలంలో పెంచడం ఉండదు, ముందే పెంచినదాన్ని నిలబెట్టుకోవడమే ఉంటుంది.

కాబట్టి పాలకూర సెప్టెంబరు మొదట్లో చల్లండి. నవంబరుకల్లా మొక్క మూడొంతులు ఎదిగి ఉండాలి. వంచిన గొట్టాల మీద పలచటి గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టండి. చలికి ఆకులో చక్కెర పెరుగుతుంది. అది మొక్క గడ్డకట్టకుండా తనని తాను కాపాడుకునే ఉపాయం. ఆ పాలకూర పప్పులో వేస్తే తీపి తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఆకు బిగుసుకుని ఉన్నప్పుడు ముట్టుకోవద్దు, మెత్తగా నలిగిపోతుంది. మధ్యాహ్నం విడిచాక కోయండి.

వెల్లుల్లికి అసలు చలే కావాలి. అక్టోబరు మధ్యలో రెబ్బ కొన పైకి పెట్టి రెండు మూడు అంగుళాల లోతున నాటి, పైన అర అడుగు గడ్డి కప్పండి. జూలైలో పాయలు తవ్వుకోవచ్చు. చలి తగలకపోతే అది పాయలుగా విడవదు, ఒకే గడ్డగా ఉండిపోతుంది.

కరివేపాకు

అందరికీ ప్రాణం దీని మీదే కదా! రాత్రి 10 డిగ్రీలకి దిగే ముందే, అంటే సెప్టెంబరులోనే కుండీ లోపలికి తెచ్చుకోండి. తెచ్చే ముందు ఆకు అడుగున, కాండం మీద పొలుసు పురుగులు, ఎర్రనల్లి ఉన్నాయేమో చూసి, ఉంటే వేపనూనె, సబ్బు నీళ్లతో కడగండి. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి, హీటరు గాలి నేరుగా తగలకూడదు. డిసెంబరులో ఆకు రాలిస్తే భయపడకండి, విశ్రాంతి తీసుకుంటోంది. చాలామంది అప్పుడే జాలిపడి నీళ్లు, ఎరువు ఎక్కువ పోస్తారు, వేరు కుళ్లిపోతుంది. మట్టి రెండు అంగుళాల లోతు ఆరాకే నీళ్లు పోయండి. జీవామృతం వసంతంలో కొత్త చిగురు కనబడ్డాకే.

మరిచిపోకూడని రెండు సంగతులు

ఒకటి, ఉప్పు. రోడ్ల మీద, నడకదారుల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు నేలకి విషం. దారి మీద మంచు ఎత్తేటప్పుడు ఉప్పు కలిసినదాన్ని మడుల వైపు విసరకండి. ఉప్పు లేని లాన్ మీది మంచునైతే ఎత్తి మడుల మీద పోయండి, దుప్పటి మందం అవుతుంది. మీ సొంత నడకదారికి జారకుండా ఇసుక చల్లుకున్నా సరిపోతుంది.

రెండోది, వసంతంలో తొందర. మన ఊళ్లో ఆచ్ఛాదన ఎండ నుంచి నేలని కాపాడుతుంది. ఇక్కడ ఏప్రిల్‌లో నేలకి ఎండే కావాలి. ఆకు కప్పి ఉంటే నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. అందుకని నాటడానికి రెండు మూడు వారాల ముందు ఆకును పక్కకి లాగి, నాటి మొక్క నిలదొక్కుకున్నాక మళ్లీ దగ్గరికి జరపండి. గుప్పెడు మట్టి తీసి పిసికి చూడండి. ముద్దలా ఉండిపోతే ఇంకా ఆగాలి, వేలితో తాకగానే పొడిపొడిగా విడిపోతే పని మొదలుపెట్టొచ్చు. తడి నేలలో కాలు పెట్టి తొక్కితే, చలికాలమంతా కాపాడుకున్న నేల ఒక్కరోజులో బిగుసుకుపోతుంది.

నాన్నగారు ఆ తర్వాత ఏప్రిల్‌లో వీడియో కాల్‌లో ఆకు కింద మట్టి చూపించమన్నారు. నల్లగా, గుల్లగా ఉంది. "దీనికి ఇంక బస్తా మట్టి దేనికి?" అన్నారు. ఆ ఏడాది నుంచి మేం మట్టి కొనలేదు.

మీరు ఈ వారం చేయగలిగిన పని ఒకటే చెబుతాను: వీధిలో పెట్టిన ఆకు సంచులు ఒక పది తెచ్చుకుని గ్యారేజీలో పెట్టుకోండి. చెత్త బండి వచ్చి తీసుకెళ్లిపోయాక మళ్లీ ఏడాది దాకా దొరకవు. వచ్చే వీడియోలో మార్చి నెల పని, అంటే టమాట, మిరప, వంగ నారు ఇంట్లో పోసుకోవడం చూద్దాం.