హన్నా కుట్టిన చిన్న అంగీ
(వసతి శిక్షణాలయాల్లో పెరిగే బిడ్డలు – తల్లిదండ్రుల బాధ్యత)



సమూవేలు మొదటి గ్రంథము 2వ అధ్యాయంలో ఒక చిన్న విషయం ఉంది. తొందరగా చదివితే దాటిపోతాము. హన్నా తన కుమారుడు సమూవేలును పాలు మాన్పించిన తరువాత షిలోలోని దేవుని మందిరంలో అప్పగించింది. యాజకుడైన ఏలీ దగ్గర ఆ పసివాడు పెరుగుతున్నాడు. ఏటేటా బలి సమర్పించడానికి భర్తతో కలిసి వెళ్ళేటప్పుడు ఆ తల్లి ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకొని వెళ్ళేది.

అంగీ కుట్టాలంటే కొలత తెలియాలి. ఈ ఏడు బిడ్డ ఎంత ఎదిగాడో, భుజాలు ఎంత వెడల్పు అయ్యాయో తల్లి ఆలోచించుకోవాలి. వెళ్ళి తొడిగి చూడాలి. బిగుతైతే విప్పి కుట్టాలి. బిడ్డను దేవునికే అప్పగించిన తల్లి కూడా బిడ్డ కొలతను మరచిపోలేదు. బిడ్డను శిక్షణకు పంపవచ్చు, కాని తల్లిదండ్రుల బాధ్యతను మాత్రం ఎవరికీ అప్పగించలేము. ఈ వారం మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మనకు కొత్త కాదు

పడమటి కనుమల చాటున ఉన్న మన అనంతపురం మెట్టకు నైరుతి వాన సరిగా అందదు. తూర్పు సముద్రం దూరం కావడంతో ఈశాన్య వాన కూడా అంతంతమాత్రమే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగ పంటను నమ్ముకున్న కుటుంబాలు, బిడ్డకు మూడు పూటలా బువ్వ, చదువు దొరికే హాస్టలును వరంగా చూడడంలో ఆశ్చర్యం లేదు. 1972లో కొడిగెనహళ్ళిలో గురుకుల పాఠశాల వచ్చినప్పటి నుండి ఎన్నో పేద ఇళ్ళ పిల్లలు ఇల్లు వదలి చదువుకొని పైకి వచ్చారు.

ఆ తరువాత ఆటల శిక్షణ వచ్చింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురం వచ్చి ప్రారంభించిన ఆర్.డి.టి. సంస్థ, పల్లె పిల్లల కోసం క్రీడాగ్రామం నెలకొల్పింది. 2010లో రఫేల్ నాదల్ స్వయంగా వచ్చి అక్కడ టెన్నిస్ పాఠశాలను ప్రారంభించారు. నార్పల మండలం బండ్లపల్లిని మనం ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన ఊరుగా ఎరుగుదుము. అదే ఊరి కూలి కుటుంబపు బిడ్డ బారెడ్డి అనూష ఆర్.డి.టి.లో క్రికెట్ నేర్చుకొని, 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున ఆడారు. కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడాపాఠశాల వంటి చోట్ల 4వ తరగతిలోనే పిల్లలను చేర్చుకుంటారు. పరుగు, దూకుడు, బంతి విసురు వంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. అంటే తొమ్మిదేళ్ళకే బిడ్డ ఇల్లు వదులుతుంది.

నాట్యానికీ ఇదే దారి. గురువు చెంత ఉండి నేర్చుకోవడం కూచిపూడికి పాత సంప్రదాయం. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో స్థాపించిన అకాడమీకి తెలుగు ఊళ్ళ నుండి పిల్లలు వెళ్ళారు. లండన్ దగ్గరి రాయల్ బాలే స్కూలులో 11 ఏళ్ళ పిల్లలు ఇల్లు వదలి ఉండి బాలే నాట్యం నేర్చుకుంటారు. దేశం ఏదైనా తల్లిదండ్రుల దిగులు ఒక్కటే.

శరీరమే పలక అయినప్పుడు

చదువుల హాస్టలుకు, శిక్షణ హాస్టలుకు ఒక భేదం ఉంది. చదువులో తప్పు పలక మీద కనబడుతుంది. ఆటలో, నాట్యంలో బిడ్డ శరీరమే పలక. దిద్దడం, తుడవడం అన్నీ దాని మీదే జరుగుతాయి. అందుచేత తల్లిదండ్రులు నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది తిండి. పడే శ్రమకు తగిన తిండి లేకపోతే ఎముకలు బలహీనపడతాయి, ఎదుగుదల కుంటుపడుతుంది, ఆడపిల్లకు నెలసరి ఆగిపోతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వైద్యులు దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి పేరు పెట్టారు. మగపిల్లలకు కూడా ఇది వస్తుంది. మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా మొదలు కాకపోయినా "ఆటలాడే పిల్లలకు మామూలే" అని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి.

రెండవది నొప్పి. పిల్లలు ఒక్కసారిగా పొడవు పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి వస్తాయి. ఆ నెలల్లో శ్రమ తగ్గించాలి. నొప్పిని ఓర్చుకోవడం వీరత్వమని బిడ్డకు నేర్పితే చిన్న గాయం పెద్దదవుతుంది.

మూడవది నిద్ర. 12 ఏళ్ళ లోపు వారికి 9 నుండి 12 గంటలు, ఆపైన 18 ఏళ్ళ వరకు 8 నుండి 10 గంటలు నిద్ర కావాలి. తెల్లవారుజామున 5 గంటలకు మైదానంలో నిలబడవలసిన బిడ్డ రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో అడగండి.

నాలుగవది చదువు. శిక్షణకు వెళ్ళిన వారిలో ఆట మీదనో నాట్యం మీదనో బ్రతికేది కొద్దిమందే. పదవ తరగతి గట్టిగా పాసైన బిడ్డకు మోకాలు దెబ్బతిన్నా బ్రతుకు దెబ్బతినదు.

బిడ్డ ఎందుకు దాచుకుంటుంది?

మన మెట్ట కుటుంబాలు ముఖ్యంగా ఆలోచించవలసిన విషయం ఇది. పంట పోయిన ఏడు గొర్రెలమ్మి బూట్లు కొనిపెట్టాము. అమ్మానాయనా బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు. ఊరంతా "మన పిల్ల పేపర్లో పడింది" అంటోంది. ఇవన్నీ బిడ్డకు తెలుసు. ఇటువంటి బిడ్డ కాలు వాచినా, ఎవరైనా కొట్టినా, ఆకలేసినా ఫోనులో "బాగున్నానమ్మా" అనే చెబుతుంది. అబద్ధమాడే బుద్ధి పుట్టి కాదు, మన మీద ప్రేమతోనే అలా అంటుంది. మన త్యాగాన్ని మాటిమాటికీ గుర్తు చేస్తే అది బిడ్డ మెడకు రాయి అవుతుంది. "నీ కోసమే ఇంత చేస్తున్నాము" అనే మాట నోటి వరకు వచ్చినా మింగెయ్యండి.

ఏలీ కుమారులు

హన్నా బిడ్డను అప్పగించినది సాక్షాత్తు దేవుని మందిరంలో. అయినా అక్కడే ఏలీ కుమారులు తమ పదవిని అడ్డం పెట్టుకొని, మందిర ద్వారం దగ్గర సేవచేసే స్త్రీల పట్ల దుర్మార్గంగా నడచుకున్నారని అదే అధ్యాయం చెబుతోంది. ఏలీకి ఆ సంగతి తెలిసింది. మందలించాడు గాని ఆపలేదు. తరువాతి అధ్యాయంలో దేవుడు ఏలీ మీద మోపిన నేరం అదే. పవిత్ర స్థలమైనా, పేరున్న సంస్థ అయినా పెద్దలు కళ్ళు మూసుకుంటే బిడ్డలకు రక్షణ ఉండదు.

ఈ రోజులకూ ఇది వర్తిస్తుంది. 1936లో రుక్మిణీదేవి అరండేల్ గారు స్థాపించిన చెన్నై కళాక్షేత్రలో, 2023 మార్చిలో లైంగిక వేధింపుల మీద విద్యార్థులు బహిరంగంగా నిరసనకు దిగారు. మరుసటి నెలలో ఒక అధ్యాపకుడు అరెస్టు అయ్యారు. ఆస్ట్రియాలో వియన్నా స్టేట్ ఆపెరా వారి బాలే పాఠశాల మీద 2019లో విచారణ సంఘం వేశారు. పిల్లలకు తగిన రక్షణ లేదనీ, సన్నగా ఉండడానికి పొగ తాగమని పిల్లలకు సలహా ఇచ్చారనీ ఆ సంఘం తేల్చింది. మన తిరుసభ కూడా ఇటువంటి పాపం వల్ల గాయపడి, 2019లో పోప్ ఫ్రాన్సిస్ గారి ఆజ్ఞతో కొత్త నియమాలు చేసుకున్నది. కనుక "అయ్యగారి హాస్టలు, సిస్టరమ్మల హాస్టలు" అని కూడా నిర్లక్ష్యం వద్దు.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది. ఈ నంబరును బిడ్డకు కంఠతా నేర్పండి.

ఇంట్లో ఆచరించదగినవి

1. ఫోనులో మొదటి ప్రశ్న "గెలిచినావా?" అని కాకుండా "ఏం తిన్నావు? ఎవరి పక్కన కూర్చొని తిన్నావు? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. ఒంటరితనం రెండవ ప్రశ్నలో బయటపడుతుంది.

2. ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఫోను దగ్గర వార్డెన్ నిలబడి ఉంటే బిడ్డ మనసు విప్పలేదు. ఇంట్లో లేని నల్లమేకను గురించి "నల్లమేక బాగుందా?" అని బిడ్డ అడిగితే, వెంటనే రావాలని అర్థం. ఆ మాట వినబడిన రోజు కూలి పోయినా సరే, బస్సెక్కండి.

3. వలస పోయే ముందు కొత్త ఫోను నంబరు హాస్టలులో ఇవ్వండి. మీరు అందకపోతే పిలవడానికి పెదనాన్న, మేనమామ లేదా ఉపదేశిగారి నంబరు కూడా రాయించండి.

4. చేర్చే రోజున అడగవలసినవి అడగండి. ఆడపిల్లల గదులకు మహిళా వార్డెన్ ఉన్నారా? గాయమైతే ఏ ఆసుపత్రి? ఖర్చు ఎవరిది? కోచ్ ఒంటరిగా పిల్లలను గదికి పిలిచే వీలుందా? చదువు రాని వారు విచారణ గురువును గాని, చదువుకున్న బంధువును గాని వెంట తీసుకొని వెళ్ళండి. అడిగితే కోపపడే సంస్థ గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

5. సెలవులకు వచ్చిన బిడ్డను కొలవండి. పోయినసారి గౌను పొట్టిదైందా, వదులైందా? వదులైతే అడగండి. ఎదిగే బిడ్డ బట్టలు వదులు కాకూడదు.

6. ఇంట మిగిలిన పిల్లలను మరువకండి. పేపర్లో పడని బిడ్డకు కూడా ఒక అంగీ కావాలి.

తిరిగి వచ్చే దారి

ప్రతి ఏడూ కొంతమంది పిల్లలను "ఇక చాలు" అని పంపివేస్తారు. కొంతమంది తామే వచ్చేస్తారు. ఊరిలో తల ఎత్తుకోలేమని కొందరు తల్లిదండ్రులు బిడ్డను మళ్ళీ బలవంతంగా పంపుతారు. దయచేసి అలా చేయకండి. మూడేళ్ళు తెల్లవారుజామున లేచి సాధన చేసిన బిడ్డ వట్టి చేతులతో రాలేదు. క్రమశిక్షణ, కలిసి మెలిగే గుణం, తన బలమేమిటో తెలిసిన మనసు వెంట తెచ్చుకుంది. పంపిన రోజే బిడ్డకు ఈ మాట చెప్పండి: "నీకు బాగుంటే ఉండు. బాగలేకపోతే చెప్పు, వచ్చి తీసుకొస్తాము. నువ్వు గెలిచినా ఓడినా ఈ ఇల్లు నీదే." ఈ మాట విన్న బిడ్డకు ధైర్యంగా సాధన చేయడం చేతనవుతుంది. ఈ మాట వినని బిడ్డ భయంతో పరుగెత్తుతుంది.

కుటుంబ చర్చకు

– దూరంగా ఉన్న మన బిడ్డకు ఏది ఇష్టం, ఎవరు స్నేహితులు, దేనికి భయపడుతుంది? ఇప్పుడు చెప్పగలమా?
– మన కష్టాలను బిడ్డ ముందు ఎలా మాట్లాడుతున్నాము?
– మన విచారణలో హాస్టళ్ళలో ఉన్న పిల్లలు ఎంతమంది? తల్లిదండ్రులు వలసలో ఉన్నవారి పిల్లలను చూసి రావడానికి నెలకొకసారి ఎవరు వెళ్ళగలరు?

మూడవ ప్రశ్నకు జవాబుగా రెండు పేర్లు రాసి, వచ్చే ఆదివారం పూజ తరువాత మీ విచారణ గురువుకు ఇవ్వండి.