ఎర్రబడిన లెక్క

కంప్యూటరు తెరమీద పట్టిక కనిపిస్తే, అందులో ప్రతి గడీ ఒక విడి వస్తువు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ పొరపాటు మా నాన్న ఎదుట బయటపడింది.

పోయిన సెలవుల్లో మా సేద్యం లెక్కల పుస్తకాన్ని జావా భాషలో, స్వింగ్ అనే టూల్‌కిట్‌తో పట్టికగా చేశాను. 1998లో జావా 1.2తో పాటు వచ్చిన స్వింగ్‌లో పట్టికను జేటేబుల్ అంటారు. తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ అని అయిదు నిలువు వరసలు. నిల్వ సున్నా కంటే కిందికి దిగితే, అంటే ఎరువుల కొట్టులో బాకీ పడితే, ఆ అంకె ఎర్రగా కనిపించాలి. అంతే నా కోరిక.

నాన్న చూసి, "ఒరేయ్, మొక్కజొన్న డబ్బుతో బాకీ కట్టేశాంగా! ఇంకా ఎరుపేంట్రా?" అన్నాడు. నిజమే. బాకీ పడిన గడి నుంచి కిందివన్నీ ఎర్రబడ్డాయి. పట్టికను కిందికీ పైకీ జరిపితే పైనున్నవీ ఎర్రబడ్డాయి. అంకెలు మాత్రం ఒక్కటీ తప్పు లేదు.

కారణం ఇది. వెయ్యి అడ్డువరసలకు అయిదేసి గడులంటే అయిదువేలు. అన్ని వస్తువులు తయారుచేస్తే కంప్యూటరుకు భారం. అందుకని ఒక రెండరర్‌తోనే, తెరమీద కనబడే గడులను ఒకదాని తర్వాత ఒకటిగా గీస్తారు. గోనె సంచుల మీద ఒకే కుంచెతో పేర్లు రాసినట్టన్నమాట. ఎరుపులో ముంచి కడగకపోతే తర్వాతి సంచీ ఎరుపే.

సొంత రంగు కావాలంటే డిఫాల్ట్ టేబుల్ సెల్ రెండరర్ అనే క్లాసును ఆధారం చేసుకుని, గెట్ టేబుల్ సెల్ రెండరర్ కాంపొనెంట్ అనే మెథడ్‌ను మనం తిరిగి రాయాలి. గడిలోని విలువ, అది ఎంపికైందా లేదా, ఎన్నో వరస అన్నవి దానికి అందుతాయి. మనం ఒకసారి పెట్టిన రంగును ఆ క్లాసు గుర్తుంచుకుంటుంది. నేను "బాకీ అయితే ఎరుపు" అని మాత్రమే రాశాను. "కాకపోతే పట్టిక మామూలు రంగు" అని రాయలేదు. ఆ ఒక్క వాక్యం చేర్చగానే లెక్క తేటపడింది.

కాబట్టి సోదర విద్యార్థులకు నా మనవి: రంగు ఎప్పుడు వేయాలో రాసినప్పుడే, ఎప్పుడు తీయాలో కూడా రాయండి. అంకెలు సరిగ్గా ఉంటే చాలదు. చూసేవాడి కన్ను ముందు రంగు మీదే పడుతుంది.

నాన్న ఇప్పుడు పట్టిక చూస్తున్నాడు. చేతి పుస్తకం మాత్రం ఇంకా మానలేదు.