పిల్లల కుట్టు విప్పకండి

బీరువా అడుగున మడతపెట్టి ఉంచిన పాత నేత చీర ఒకటి ఈ ఆషాఢంలో బయటికి తీయండి. కట్టుకోవడానికి పనికిరాక, పారేయడానికి మనసొప్పక దాచుకున్నవి ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి. మంగళగిరిదో, వెంకటగిరిదో, నారాయణపేటదో అయితే మరీ మంచిది. గంజి ఎప్పుడో పోయి, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. బొంతకి కావలసింది ఆ మెత్తదనమే. ముసురు పట్టి పిల్లలు బయట ఆడుకోలేని సాయంత్రాల్లో మొదలుపెడితే, కార్తీకంలో చలి దిగేసరికి చిన్న బొంత ఒకటి చేతికొస్తుంది.

బొంత ఒక్కటే అని కాదు. పెరట్లో పాదు, మేడ మీద వడియాలు, ఆవకాయ ముక్కలు... ఏ కాలానికి ఆ కాలం మన ఇళ్లలో ఏదో ఒక పని నడుస్తూనే ఉంటుంది. అందులో పిల్లలకి నిజమైన వాటా ఇవ్వండి. ఇచ్చాక, వాళ్లు చేసినదాన్ని వాళ్లు నిద్రపోయాక సరిదిద్దకండి. తల్లిదండ్రులకి నేను చెప్పదలచుకున్నది ఇంతే. వాటా ఇవ్వడం చాలామంది చేస్తారు. సరిదిద్దకుండా ఉండడమే కష్టం.

చీర తీశారు కదా, ముందు దాని ఫాల్ విప్పాలి. ఫాల్ చాలావరకు పాలిస్టరు గుడ్డ, నూలుతో కలిసిరాదు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఈ పని హాయిగా చేస్తారు. మొన తేలని చిన్న కత్తెర ఇచ్చి, కుట్టు ఎక్కడ మొదలైందో చూపిస్తే చాలు. ఒకచోట తెంపి దారం లాగితే సర్రున జానెడు దూరం ఊడొస్తుంది. ఆ సర్రుమనే చప్పుడు కోసమే మిగతాదంతా వాళ్లే విప్పేస్తారు. జరీ అంచు ఉంటే కోసేయండి, ఒంటికి గీసుకుంటుంది. అయిదున్నర మీటర్ల చీరని పొడుగున నాలుగు మడతలు వేస్తే నాలుగు పొరలవుతాయి. పొడవు 1.35 మీటర్లకి కాస్త అటూ ఇటూ, వెడల్పు చీర పన్నా అంత. అయిదారేళ్ల బిడ్డ కప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. వెచ్చదనం ఇంకా కావాలంటే నాన్నగారి పాత పంచె ఒకటి లోపల పరవండి. సింథటిక్ చీరలు మాత్రం వద్దు. చెమట పీల్చవు, పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతూ కుట్టేవాళ్లని విసిగిస్తాయి.

పొరలు పరచడం ఒక్కరి వల్ల కాదు. చాప మీద వేసి, ఇంట్లో ఉన్న నలుగురూ తలా ఒక మూల పట్టుకుని లాగితేనే ముడతలు పోతాయి. ఆ పూట నాన్నలు కూడా ఫోను పక్కన పెట్టి ఒక మూల పట్టుకోవాలి. పొరలు కదలకుండా ముందు ఎడంగా పచ్చికుట్లు వేయండి. తరవాత లావు నూలు దారంతో అంచు దగ్గర మొదలుపెట్టి, వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచుతూ, చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. సూదిని పైకీ కిందికీ పోనిచ్చే మామూలు కుట్టే, వేరే విద్య ఏమీ అక్కర్లేదు. ఆరేళ్ల లోపు పిల్లలకి మొన లేని పెద్ద సూది, గోనెపట్టా ముక్క ఇచ్చి వేరే కూర్చోబెట్టండి. ఎనిమిది దాటిన పిల్లలు పక్కన పెద్దవాళ్లుంటే బొంత మీదే కుట్టగలరు. కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టండి, లేచే ముందు మళ్లీ లెక్కపెట్టండి. మంచం మీద మాత్రం కుట్టనివ్వకండి.

ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే మరీ అదృష్టం. బొంత కుట్టడం ఆవిడకి తెలుసు, కానీ సూది బెజ్జం కనబడదు. బెజ్జం కనబడే కళ్లు మీ పిల్లలవి. 'కాస్త దారం ఎక్కించి పెట్టమ్మా' అని ఆవిడ అడిగిన ప్రతిసారీ ఆ పిల్లకి తన అవసరం ఇంట్లో ఉందని తెలుస్తుంది. పిల్లల కోసం కల్పించిన పనికీ, పిల్లలు లేకపోతే ఆగిపోయే పనికీ ఉన్న తేడా వాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇక కుట్టు సంగతి. పిల్లలు వేసిన వరస వంకర టింకరగా పోతుంది. ఒక కుట్టు బియ్యపుగింజంత, పక్కది చింతగింజంత. చూడగానే మీ చేతులు ఊరుకోవు. రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ వరస విప్పి మళ్లీ వేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పక్కపక్కనే పడే అన్ని వరసలూ కలిసి పొరల్ని పట్టి ఉంచుతాయి, అదే బొంతకి బలం. ఒక వరస వంకరగా పోయినంత మాత్రాన పొరలు విడిపోవు. చూడవలసినవి రెండే: దారం చివర ముడి గట్టిగా పడిందా, కాలివేలు తగులుకునేంత పొడుగు కుట్టు ఎక్కడైనా ఉందా. అలాంటిది కనబడితే పొద్దున్నే పిల్లల ముందే చెప్పి, దాని పక్కన ఇంకో వరస వేయించండి. పాత వరస అలాగే ఉండనివ్వండి. రాత్రికి రాత్రి మారిపోయిన కుట్టుని పిల్లలు గుర్తుపడతారు. ఏమీ అనరు. మర్నాడు సూది పట్టుకోమంటే మాత్రం హోంవర్కు ఉందంటారు.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో ఏడాది నిండని పసిబిడ్డ ఉంటే, ఎంత ముద్దుగా కుట్టినా సరే, నిద్రలో బొంత కప్పి వదిలేయకండి. ముఖం మీదికి జరిగితే తీసుకోవడం వాళ్లకి చేతకాదు.

ఇదే ఆషాఢంలో పాదులు పెట్టాలి. బడికెళ్లే పిల్లలకి ఏ పాదు మంచిదని ఎవరైనా అడిగితే నేను బీర అనే చెబుతాను. గుమ్మడి పువ్వు తెల్లవారుజామునే విచ్చుకుంటుంది, పిల్లలు లేచి బడికి తయారయ్యేసరికి దాని సందడి సగం అయిపోతుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఏదో ఒకటి తిని బాల్కనీలోకి వచ్చేసరికి పసుపు రేకులు మెల్లగా విప్పుకుంటూ ఉంటాయి. ఆ వేళకి వాళ్లు ఇంట్లోనే ఉంటారు, పువ్వూ అప్పుడే వస్తుంది. అంతకంటే ఏం కావాలి?

నల్లటి గింజలు రాత్రంతా నానబెట్టి, కనీసం పదిహేను అంగుళాల తొట్టిలో రెండు పెట్టించండి. అయిదారు గంటల ఎండ తగలాలి, పాకడానికి తాడు కట్టాలి. నెలా పదిరోజులకి పూత మొదలవుతుంది. మొదట గుత్తులుగా వచ్చేవన్నీ మగపూలే, విచ్చుకుని రాలిపోతాయి. పిల్లలు కంగారు పడతారు, మీరు పడకండి. వెనకే ఆడపూలు వస్తాయి. గుర్తుపట్టడం తేలిక, ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ముందే ఉంటుంది. పై అంతస్తుల్లో పురుగులు అంతగా రావు కాబట్టి పిందెలు పసుపుబారి రాలిపోతుంటాయి. అప్పుడు మగపువ్వు ఒకటి తెంపి, రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించమనండి. తాకించిన పిందె రెండు మూడు రోజుల్లో నిగనిగలాడుతూ పొడుగు సాగడం మొదలుపెడుతుంది. సైన్సు పుస్తకంలో పరాగ సంపర్కం పాఠం ఎప్పుడొచ్చినా వాళ్లకి కొత్తగా చెప్పవలసింది ఏమీ ఉండదు. ఒక కాయని కోయకుండా ముదరనివ్వండి. ఎండితే ఒళ్లు రుద్దుకునే పీచు దొరుకుతుంది, గింజలూ దొరుకుతాయి. ఆ గింజలతో పెంచిన పాదు కాయని వండే ముందు మీరు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే మొహమాటపడకుండా పారేయండి. బీరలో ఆ చేదు ఒంటికి మంచిది కాదు.

నీళ్లు పోయడానికి పిల్లల చేతికి పెద్ద బకెట్ ఇవ్వకండి. చిన్న చెంబు చాలు, ఒలకకుండా మోయగలగాలి. విద్యావేత్త మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. నీళ్లు వంపుకోవడం, తుడవడం, గుండీలు పెట్టుకోవడం లాంటి ఇంటి పనులే చిన్నపిల్లల చదువుకి పునాది అని ఆవిడ పద్ధతి. వాళ్ల చేతికి సరిపడే కొలతలో వస్తువులుండాలని ఆవిడ పట్టుబట్టారు. మన ఇళ్లలో దానికి ఖర్చేమీ లేదు, పూజకి వాడే రాగిచెంబు సరిపోతుంది.

చిక్కుడు వేరే పాఠం. నాటు చిక్కుడు ఆషాఢంలో పెడితే శ్రావణం, భాద్రపదం అంతా పందిరి నిండా అల్లుకుంటుంది, పూత మాత్రం రాదు. 'ఎందుకు పూయట్లేదు?' అని పిల్లలు రోజూ అడుగుతారు. చాలామంది నాన్నలు ఈ ప్రశ్న తట్టుకోలేక దుకాణానికెళ్లి ఎరువు తెచ్చేస్తారు. యూరియా వేస్తే ఆకు ఇంకా పెరుగుతుంది తప్ప పూత రాదు. నాటు రకాలు పగటిపొద్దు తగ్గితేనే పూతకి వస్తాయి. ఆ మాటే పిల్లలకి చెప్పండి, క్యాలెండరులో రోజూ సూర్యాస్తమయం వేళ చూపించండి. పొద్దు కురచవుతున్న కొద్దీ తీగ చివర ఊదారంగు మొగ్గలు వస్తాయి. రథసప్తమి నాడు చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి, చిక్కుడుకాయలతో రథం చేసేటప్పుడు ఆకులూ కాయలూ వాళ్ల పందిరివే కావచ్చు. పందిరికి చోటు లేనివాళ్లకి అర్కా జయ్, అర్కా విజయ్ లాంటి పొట్టి రకాలున్నాయి, వాటికి పొద్దుతో పనిలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు నాటు చిక్కుడు పెట్టి దిగులుపడేది ఇందుకే. న్యూజెర్సీ లాంటి చోట్ల పొద్దు తగ్గి పూత పడే వేళకి మంచు కొట్టేస్తుంది. అక్కడ దొరికే పొద్దుతో పనిలేని రకాలే పెట్టుకోండి, పిల్లల్ని నిరాశపెట్టకండి.

మొక్కలకి చోటే లేని ఇల్లయితే, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వచ్చాక, వాన వెలిసిన పూట పిల్లల్ని ఊరి బయట చేల గట్ల మీదికి తీసుకెళ్లండి. తడిసిన ఎర్రమట్టి మీద ఎర్ర మఖ్మల్ చుట్టుకున్నట్టు ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. పురుగంటున్నాం కానీ కాళ్లు లెక్కపెట్టమనండి, ఎనిమిది ఉంటాయి. సాలీడు బంధువన్నమాట. అరచేతిలో పాకనిచ్చి, మళ్లీ మట్టిలోనే వదిలేయాలి. అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తేనివ్వకండి, బతకవు.

గోరింటాకు గురించి ఒక్క మాట. ఆకు కోయడం, దూసి ఇవ్వడం పిల్లల పని. రుబ్బడం మీది. పెట్టుకున్నాక రాత్రంతా ఉంచుకుంటే పొద్దున్నకి ఎర్రగా పండుతుంది. అమ్మాయిలకే అని వేరు పెట్టకండి, అబ్బాయిలు కూడా చెయ్యి చాపుతారు. నల్లగా పండుతుందని చెప్పే కోన్‌లు మాత్రం పిల్లలకి వద్దు. అందులో కలిపే రంగు మందుకి చర్మం బొబ్బలెక్కుతుంది.

సంక్రాంతికి ముగ్గులు, భోగి పిడకలు ఎవరూ చెప్పకుండానే వాళ్లని లాక్కుంటాయి. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. భోగి మంటలో ప్లాస్టిక్ వేయనివ్వకండి, అంతే.

వేసవిలో ఎండతో పాటు పని కూడా మళ్లీ వస్తుంది. వడియాలు పెట్టే రోజు కాకుల కాపలా పిల్లలకి అప్పజెప్పండి. సగం ఆరిన వడియాలు నాలుగు వాళ్ల నోట్లోకి పోతాయి. పోనివ్వండి, కాపలాదారుకి ఆ మాత్రం కూలి న్యాయమే. ఆవకాయ నాడు కారం, ఆవపిండి కలిపే చోటికి చిన్నపిల్లల్ని రానివ్వకండి. ముక్కలు తుడవడం పూర్తిగా వాళ్లకే వదలండి. పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి, జీడి తీసి, లోపలి పల్చటి పొర గోటితో లాగి పళ్లెంలో వేయాలి. తడి ఉంటే ఊరగాయ బూజు పడుతుందని కారణం చెప్పండి. కారణం తెలిస్తే మనకంటే శ్రద్ధగా తుడుస్తారు. ఎక్కడైనా ఒక ముక్క మీద పొర మిగిలిందని కనబడితే వాళ్లనే పిలిచి చూపించండి, చాటుగా మీరు తీసేయకండి.

మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపేటప్పుడు పిల్లల్ని పిలవండి. వేడి అన్నంలో కాస్త కలిపి పెట్టి, ఉప్పు సరిపోయిందో లేదో వాళ్లనే చెప్పమనండి. తగ్గిందంటే, మీరూ ఒకసారి రుచి చూసి, వాళ్ల చేతే వేయించండి.