చలి దేశాల్లో పూల దుంపల్ని ఎలా కాపాడతారు?

ఈసారి పాఠం పూల దుంపల గురించి.

డేలియా పుట్టిల్లు మెక్సికో కొండలు. స్వీడన్ శాస్త్రవేత్త డాల్ గుర్తుగా 1791లో దానికి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఇంగ్లాండు, కెనడా తోటల్లో కూడా వేసవిలో పూస్తుంది. కానీ అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు. ఎందుకంటే దుంప నిండా నీరే. సున్నా డిగ్రీల కన్నా చలి పెరిగితే ఆ నీరు గడ్డకట్టి కణాలు చితికిపోతాయి. తర్వాత దుంప మెత్తబడి కుళ్లిపోతుంది. తులిప్ దుంప అలా కాదు, దానికి చలి ఉంటేనే పువ్వు వస్తుంది.

అందుకని అక్కడివాళ్లు ఏం చేస్తారంటే:

1. మొదటి మంచుకి ఆకులు నల్లబడగానే కాడని జానెడు ఉంచి కోస్తారు.
2. దుంపకి గాయం కాకుండా దూరం నుంచి తవ్వుతారు.
3. కాడ బోలుగా ఉంటుంది కాబట్టి నీరు కారిపోయేలా తలకిందులుగా ఆరబెడతారు.
4. పొడి ఇసుకలోగానీ రంపపు పొట్టులోగానీ పెట్టి, 5 డిగ్రీల దగ్గర చల్లని గదిలో ఉంచుతారు.
5. నెలకోసారి చూసి కుళ్లినవి తీసేస్తారు. మంచు పడటం ఆగాక, మే నెల చివర్లో మళ్లీ నాటుతారు.

ఒకటి గుర్తుంచుకోవాలి. బంగాళాదుంపకి ఒళ్లంతా కళ్లుంటాయి. డేలియాకి కాడ కలిసే మెడ దగ్గరే ఉంటాయి. మెడ విరిగితే దుంప ఎంత లావున్నా మొలవదు.

ఈ పని మనకి కొత్తేం కాదు. మన అమ్మలు పసుపు తవ్వాక విత్తనానికి మంచి దుంపలు ఏరి, నీడలో పోగుపెట్టి, ఆకులు కప్పి, వానలు పడ్డాక నాటుతారు కదా! వాళ్లు బడికి పోలేదు. అయినా ఈ పాఠం వాళ్లకి వచ్చు. అక్కడ చలికి దాస్తారు, ఇక్కడ ఎండలకి దాస్తాం, అంతే తేడా.

మన బడి ముందు డేలియాలు సంక్రాంతికి బాగా పూస్తాయి. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు ఉండరు. అన్నీ పోతాయి, మళ్లీ ఏడు మొక్కలు కొనాలి. వార్డెన్ మేడమ్ గారికి మనవి: ఒక పాత కుండ, కాస్త పొడి ఇసుక, స్టోరు గదిలో నీడగా ఉన్న మూల ఇప్పించండి. సెలవులకి ముందు ఒక్క వరస దుంపలు తీసి దాస్తాం. జూన్‌లో ఎన్ని బతికాయో లెక్కపెట్టి ఇదే గోడ మీద రాస్తాం.

ప్రశ్న: మెడ లేని డేలియా దుంప ఎందుకు మొలవదు? జవాబు పాఠంలోనే ఉంది, వెతకండి.

— 9వ తరగతి విద్యార్థిని