పిల్లల చేతికి రంగురాళ్లు ఇవ్వండి!

మీ ఇంట్లో కెంపుల నెక్లెస్ ఉందా? పచ్చల దుద్దులు? అమ్మమ్మ ఇచ్చిన నవరత్నాల ఉంగరం? ఉంటే, మీ పాప దాన్ని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుని చూసింది?

జవాబు నాకు తెలుసు. అది లాకర్లో ఉంటుంది. ఏ పెళ్లికో బయటికి వస్తుంది. పాప చెయ్యి చాచగానే "ముట్టుకోకు!" అంటాం. మర్నాడు మళ్లీ లాకర్లోకి వెళ్లిపోతుంది.

ఈ అలవాటు మార్చుకుందాం. నగలు వాళ్ల చేతికివ్వమని చెప్పడం లేదు. పోయినా మనసు కష్టపెట్టుకోనక్కర్లేని ధరలో రంగురాళ్లు కొనండి. వాటిని పిల్లల చేతుల్లో పెట్టండి. ధర తక్కువ కావడమే ఈ హాబీకి అసలు బలం. పోతుందన్న భయం లేకపోతే మీరు ప్రశాంతంగా ఉంటారు. మీరు ప్రశాంతంగా ఉంటే పిల్లలు తిప్పి చూస్తారు, వెలుగుకు పట్టి చూస్తారు, అడుగుతారు. ఒక వస్తువును ఐదు నిమిషాలు వదలకుండా చూడగలగడం ఈ రోజుల్లో పెద్ద స్కిల్. ఫోన్ స్క్రీన్ దాన్ని నేర్పదు. గుప్పెడు రాళ్లు నేర్పుతాయి.

"నాకు జియాలజీ రాదండీ" అంటారా? రానక్కర్లేదు. "నాకూ తెలియదు, చూద్దాం పద" అనగలిగితే చాలు. ఆ మాట అనగలిగిన అమ్మానాన్నల దగ్గర పిల్లలు జంకరు.

రూపాయి ఖర్చు లేకుండా మొదలుపెట్టండి

కొనడం తర్వాత. ముందు వంటింట్లోకి వెళ్లండి.

కల్లుప్పు తీయండి. భూతద్దం కింద పెట్టండి. చిన్న చిన్న ఘనాలు కనిపిస్తాయి. పటికబెల్లం పలుకు తీయండి. దాని పలకలు వేరు, కోణాలు వేరు. "రెండూ తెల్లగానే ఉన్నాయి కదా, ఆకారం ఎందుకు మారింది?" అని అడగండి. జవాబు చెప్పకండి. ఒక రాత్రంతా ఆ ప్రశ్న వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. పదార్థం లోపల కణాలు ఏ వరుసలో పేర్చుకుంటే బయట ఆకారం ఆ ప్రకారం వస్తుందన్న సంగతి మర్నాడు చెప్పినా మించిపోదు.

తర్వాత బలపం. పిల్లలు దాన్ని గోటితో గీకాలి. గీత పడుతుంది. అది మెత్తని సబ్బురాయి. 1812లో ఫ్రీడ్రిష్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త రాళ్ల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఒక వరుస కట్టాడు. అందులో 1వ నంబరు టాల్క్. బలపంలో ఎక్కువగా ఉండేది అదే. 10వ నంబరు వజ్రం. అంటే మీ పాప పలక మీద రాసే వస్తువు నుంచి కోహినూరు దాకా ఒకే నిచ్చెన. మన గోరు అందులో రెండున్నర దగ్గర ఉంటుంది. గాజు ఐదున్నర దగ్గర. స్ఫటికం 7.

పూజగదిలో స్ఫటికమాల ఉంటే ఇంకా మంచిది. ఒక చెంపకు స్ఫటికం, ఇంకో చెంపకు గాజుగోళీ ఆనించమనండి. స్ఫటికం చల్లగా తగులుతుంది. గాజు కంటే అది వేడిని త్వరగా లాగేస్తుంది. పిల్లలు ఈ టెస్టు ఇంట్లో అందరి చెంపల మీదా చేస్తారు. చెయ్యనివ్వండి.

మొదటి పెట్టె

పాత పోపుల డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టండి. ఏడు గిన్నెలు. ఏడు రాళ్లు. ఒకేసారి కొనేయకండి. నెలకు ఒకటో రెండో చాలు. ఎదురుచూడటం కూడా వాళ్లు నేర్చుకోవాల్సిందే.

నేనైతే ఈ ఏడింటితో మొదలుపెడతాను: స్ఫటికం, అమెథిస్ట్, రోజ్ క్వార్ట్జ్, కార్నీలియన్, టైగర్ ఐ, గార్నెట్, ఫ్లోరైట్. నునుపు చేసిన గులకల్లాంటివి అడగండి. 'టంబుల్డ్ స్టోన్స్' అంటే ఇస్తారు. బయట ఒక పూట తినే ఖర్చుతో ఇలాంటివి నాలుగైదు వస్తాయి.

వీటిలో ప్రతిదానికీ ఓ కథ ఉంది. అమెథిస్ట్ ఊదారంగుకు కారణం స్ఫటికంలో చేరిన కొద్దిపాటి ఇనుము. దాన్ని వేడి చేస్తే పసుపు రంగులోకి మారుతుంది. మార్కెట్లో సిట్రిన్ పేరుతో దొరికేదాంట్లో ఎక్కువ భాగం ఇలా కాల్చిన అమెథిస్టే. కార్నీలియన్ మన దేశపు రాయి. గుజరాత్‌లో రతన్‌పుర్ దగ్గర తవ్వి, ఖంభాత్‌లో కాల్చి, నునుపు చేసి పూసలు చేస్తారు. హరప్పా కాలం నాటి పూసల్లోనూ ఇదే రాయి ఉంది. ఫ్లోరైట్ మెత్తన, మోస్ వరుసలో 4. దొంగనోట్లు పట్టే యూవీ టార్చ్ కింద చాలా ముక్కలు మెరుస్తాయి. 1852లో జార్జ్ స్టోక్స్ ఇలాంటి వెలుగుకు ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టింది ఈ రాయిని బట్టే.

గోమేధికం కూడా గార్నెట్ జాతి రాయే. మీ బంధువుల్లో ఎవరి ఉంగరంలోనైనా ఉంటే పిల్లలకు చూపించి, పెట్టెలోని గార్నెట్‌తో పోల్చమనండి.

మూడు ఎర్ర రాళ్ల ఆట

ఈ ఒక్క ఆట కోసమైనా ఈ హాబీ మొదలుపెట్టొచ్చు. కావలసినవి మూడు ఎర్ర రాళ్లు. ఒకటి గార్నెట్. రెండోది ల్యాబ్‌లో చేసిన కెంపు. మూడోది ఎర్ర గాజు. మూడూ దాదాపు ఒకే సైజులో ఉంటే మంచిది.

ల్యాబ్ కెంపు అనగానే ముఖం చిట్లించకండి. ఫ్రాన్స్‌కు చెందిన ఓగస్ట్ వెర్నాయ్ 1902లో ఆ పద్ధతిని బయటపెట్టాడు. అల్యూమినా పొడిని మంటలోంచి జారవిడిచి, కరిగించి, స్ఫటికంగా పెంచాడు. లోపలి పదార్థం గని కెంపుదే. గనిలోంచి కాక ల్యాబ్‌లో తయారవుతుంది కాబట్టే చవక. తాతగారి హెచ్‌ఎంటీ వాచీ డయల్ మీద '17 జ్యూయెల్స్' అని ఉంటుంది, చూశారా? వాచీ లోపల చక్రాల ఇరుసులు అరిగిపోకుండా పెట్టే ఆ రాళ్లు ఇలా తయారైన కెంపులే. వాచీ పిల్లల చేతికిచ్చి చదివించండి.

ఇప్పుడు మూడు రాళ్లూ కలిపేయండి. ఏది ఏదో పిల్లలే తేల్చాలి.

1. వెడల్పు గిన్నెలో నీళ్లు పోయండి. థర్మాకోల్ ముక్క మీద రాయి పెట్టి తేలనివ్వండి. బలమైన నియోడైమియం అయస్కాంతం రాయికి తగలకుండా దగ్గరగా తెండి. గార్నెట్ ఉన్న ముక్క మెల్లగా అయస్కాంతం వైపు కదులుతుంది. అందులోని ఇనుము మహిమ! అయస్కాంతం మాత్రం మీ చేతిలోనే ఉండాలి. చిన్న అయస్కాంతాలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

2. గదిలో లైట్లు ఆర్పి యూవీ టార్చ్ వేయండి. కెంపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. గార్నెట్ నల్లగా ఉండిపోతుంది. టార్చ్ వెలుగు ఎవరి కళ్లలోకీ వెయ్యొద్దు.

3. 10ఎక్స్ లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. గాజులో గుండ్రటి గాలి బుడగలు కనిపించొచ్చు.

ఇక్కడ ఆగండి. ల్యాబ్ కెంపులో కూడా ఒక్కోసారి బుడగలుంటాయి. మరెలా? పిల్లలు తికమకపడతారు. పడనివ్వండి. ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకూడదని, రెండు మూడు ఆధారాలు కలవాలని వాళ్లకు అక్కడే అర్థమవుతుంది. రేపు వాట్సాప్‌లో ఏదైనా ఫార్వర్డ్ చూసినా వాళ్ల బుర్ర ఇలాగే పనిచేస్తుంది. అందుకే మీరు ముందుకు దూకి "అది గాజు కదరా" అనొద్దు. నోరు కట్టుకోవడమే ఈ ఆటలో మీ వంతు.

ఆట అయ్యాక ఒక్క ముక్క చెప్పండి. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం. పేరు కురువిందం. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. చిటికెడు క్రోమియం చేరితే కెంపు. ఇనుము, టైటానియం చేరితే నీలం. ఇది విన్నాక పిల్లల ముఖాలు చూడండి.

షాపులో గట్టిగా అడగండి

మొహమాటం వద్దు. ప్రతి రాయికీ మూడు ప్రశ్నలు: సహజమైనదా? రంగు వేశారా? వేడి చేశారా? ఈ ప్రశ్నలు మీ పిల్లలతోనే అడిగించండి. ఎనిమిదేళ్ల పిల్ల కౌంటర్ ముందు నిలబడి "అంకుల్, ఇది డై చేసిందా?" అని అడిగిందంటే, ఆ ధైర్యం జీవితాంతం ఆమె వెంటే ఉంటుంది.

కళ్లు చెదిరే గులాబీ, నీలం రంగుల్లో ఉన్న అగేట్ పలకలకు సాధారణంగా రంగు వేసి ఉంటారు. ఓపలైట్ పేరుతో అమ్మేది గాజు. మిలమిలలాడే గోల్డ్‌స్టోన్ కూడా గాజే. తెల్ల హౌలైట్‌కు రంగేసి టర్కాయిస్ అనేస్తారు. అనుమానముంటే దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దండి. రంగు దూదికి అంటితే సంగతి తేలిపోయినట్టే. ఈ పని మాత్రం పెద్దవాళ్లు చెయ్యండి. రంగేసిన రాయి కొనకూడదని కాదు. అందంగా ఉంటే కొనుక్కోండి, పెట్టెలో చీటీ మీద 'రంగు వేసినది' అని నిజం రాయండి.

రియల్గర్, హరిదళం, ఇంగిలీకం వద్దు. మొదటి రెండింట్లో ఆర్సెనిక్, మూడోదాంట్లో పాదరసం ఉంటాయి. పిల్లలున్న ఇంట్లోకి అవి రాకూడదు. మూడేళ్ల లోపు పిల్లలకు అసలు చిన్న రాళ్లే వద్దు.

మన నేల మీద వెతకండి

సెలవులకు ఎక్కడికి వెళ్లినా కాళ్ల కింద చూసే అలవాటు చేయండి. గోదావరి మహారాష్ట్రలో పాత లావా రాళ్ల మీదుగా ప్రవహించి మన వైపు వస్తుంది. అందుకే ఆ నది గులకల్లో అగేట్ ముక్కలు కలిసి ఉంటాయి. అరచేతిలో తడిపి వెలుగుకు పట్టండి, కాంతి లోపలికి వెళ్తే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గాక ఇసుకలో నలుపు, లేత ఎరుపు చారలు కనిపిస్తాయి. ఆ ఎరుపు గార్నెట్ రేణువులది. చిటికెడు తీసి లూప్‌తో చూసి అక్కడే వదిలేయండి.

ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి ఎక్కడైనా దొరికితే ఒక ముక్క సంపాదించండి. అదే సైజు మామూలు రాయిని రెండో చేతికివ్వండి. ముగ్గురాయి బరువుకు పిల్లలు ఉలిక్కిపడతారు. అది బెరైటీస్, నీటికి దాదాపు నాలుగున్నర రెట్లు బరువు.

తొలకరి వానలకు కర్నూలు, అనంతపురం జిల్లాల్లో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం తలవంచుకుని వెతకడం మీరు టీవీలో చూసే ఉంటారు. పిల్లలకు ఆ కథ చెప్పండి. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లాయనీ చెప్పండి. అలాగే రెండో వైపు కూడా చెప్పండి. విశాఖ మన్యంలో రంగురాళ్ల కోసం దొంగచాటుగా తవ్విన సొరంగాలు కూలి మనుషులు చనిపోయారు. ఎక్కడిదో చెప్పలేని రాయి ఎంత చవకైనా మనకు అక్కర్లేదు. ఈ నియమం ఇంట్లో అందరికీ ఒక్కటే.

దాచడం తగ్గించండి, పంచడం పెంచండి

ప్రతి రాయీ రెండు కొనండి. ఒకటి పెట్టెకు, ఒకటి ఎవరికైనా ఇవ్వడానికి. ఎవరికివ్వాలో పిల్లలే నిర్ణయించాలి.

పుట్టినరోజు రిటర్న్ గిఫ్ట్‌గా ప్లాస్టిక్ బొమ్మలు మానేయండి. చిన్న గుడ్డసంచిలో ఒక రాయి, పిల్లల చేతిరాతతో ఒక చీటీ పెట్టండి. చీటీలో రాయి పేరు, ఎక్కడిది, ఆ రంగు ఎలా వచ్చింది. మూడు వాక్యాలు చాలు. అది రాయడానికి వాళ్లు ఎంత చదువుతారో మీకే తెలుస్తుంది.

ఆటల్లో వాడండి. నానమ్మతో కలిసి చింతగింజల బదులు గులకలతో వామనగుంటలు ఆడించండి. అచ్చనగాయలకు ఐదు కార్నీలియన్లు పెట్టండి. క్వార్ట్జ్ జాతి రాళ్లు అంత తొందరగా పగలవు. ఫ్లోరైట్‌ను మాత్రం ఆటలోకి తీసుకురావద్దు, చీలిపోతుంది. అమెథిస్ట్, ఫ్లోరైట్‌లను ఎండ పడే కిటికీలో పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది.

జాతకం సంగతి? పెద్దవాళ్ల నమ్మకం పెద్దవాళ్లది. పిల్లల పెట్టెలోకి దాన్ని తీసుకురాకండి. "నీలం ముట్టుకుంటే చెడు జరుగుతుంది" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, చూడాల్సిన చెయ్యి వెనక్కి వెళ్లిపోతుంది. ఈ విషయంలో కాస్త గట్టిగానే ఉండండి.

వారానికి ఇరవై నిమిషాలు పెట్టుకోండి. ఆదివారం టిఫిన్ అయ్యాక అనుకుందాం. ఆ సమయంలో ఫోన్లు వేరే గదిలో ఉండాలి. పిల్లలు చెబుతారు, మీరు వింటారు. వాళ్లు రాయికి 'జామ్ రాయి' అని పేరు పెడితే దిద్దకండి. చీటీ మీద ఆ పేరు కూడా రాసుకోనివ్వండి, దాని కింద అసలు పేరు.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి కొందరికి ఆసక్తి తగ్గుతుంది. నిష్ఠూరాలు వద్దు, "అంత డబ్బు పెట్టి కొన్నాం" అన్న మాట అసలే వద్దు. పెట్టెను అటక ఎక్కించకండి కూడా. ఉంచుకోవాల్సినవి రెండు మూడు ఏరుకోమనండి. మిగతావి వాళ్ల ప్రైమరీ స్కూల్ సైన్స్ టీచర్‌కు వాళ్ల చేతులతోనే ఇప్పించండి. మూడు ఎర్ర రాళ్ల ఆట ఎలా ఆడించాలో కింది క్లాసు పిల్లలకు వాళ్లనే చూపించమనండి.