అప్పు ఆదాయం కాదు



లూకా సువార్త 16వ అధ్యాయంలో యజమాని తన గృహనిర్వాహకుని లెక్క అడిగాడు. మన ఇంటి లెక్క మనం చెప్పగలమా?

వెనీసు వర్తకులు రెండు వైపులా లెక్క వ్రాసే పద్ధతిని 1494లో అచ్చులో వివరించినవాడు లూకా పచోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ప్రతి లావాదేవీకి రెండు ముఖాలుంటాయన్నదే దాని మూలసూత్రం.

1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు మన ఎమ్మిగనూరు. ఇక్కడి మగ్గం ఇంటినే ఉదాహరణగా తీసుకుందాం. షావుకారు దగ్గర 5,000 రూపాయలు తెచ్చారు. చేతిలో నగదు 5,000. ఎదుటి వైపు అప్పు 5,000. కలిమి పైసా కూడా పెరగలేదు. 3,000తో నూలు కొన్నారు. ఇప్పుడు నగదు 2,000, నూలు 3,000, అప్పు 5,000. లెక్క సరిపోయింది. మిగిలిన 2,000 పండుగకు ఖర్చయితే? నూలు 3,000, అప్పు మాత్రం 5,000. ఆ 2,000 లోటును, దానిపై వడ్డీని రేపటి కష్టమే తీర్చాలి.

వచ్చిన డబ్బు మాత్రమే వ్రాసుకునేవారికి ఈ లోటు కనిపించదు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలిచిన రోజున గాని ఇల్లాలికి సంగతి తెలియదు.

కనుక శనివారం రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక భార్యాభర్తలు కలిసి కూర్చోండి. ఎడమవైపు ఉన్నవి, కుడివైపు ఇవ్వవలసినవి వ్రాయండి. ఎడమ మొత్తం తగ్గితే అప్పుడే జాగ్రత్తపడండి. దాపరికం లేని లెక్క కుటుంబ సమాధానానికి కాపలా.